తిరగేసిన పాఠం

కొడుకు పాస్‌పోర్టును బీరువాలో పెట్టి తాళం వేసి వారం కావస్తోంది. అప్పటి నుంచి నతానియేలు మాస్టారు ప్రభాకరరావుతో నేరుగా మాట్లాడడం లేదు. చెప్పవలసింది ఏదైనా ఉంటే భార్యకు చెబుతున్నారు. దానమ్మ అదే మాటను అదే వసారాలో, ఆయన వింటూండగానే, పక్కన కూర్చున్న కొడుక్కి మళ్ళీ చెబుతోంది.

శుక్రవారం పొద్దున్న కూడా అలాగే అయింది. సువర్ణ కాలేజీకి బయల్దేరుతూ క్యారియరు కోసం నిలబడి ఉంది. మాస్టారు కాఫీ గ్లాసు కింద పెట్టి, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి పాస్టరు యాకోబు అయ్యగారు భోజనానికి వస్తారని, ప్రయాణం కోసం ప్రార్థన చేస్తారని, అది కాగానే పాస్‌పోర్టు చేతికిస్తానని, సోమవారం రాజమండ్రిలో రైలెక్కి బొంబాయి పోవచ్చునని దానమ్మతో అన్నారు.

“కాలేజీ తెరిచేదాకా చెల్లెలికి పాఠాలు చెప్పమన్నాను. చెప్పేడు. ఇక వాడితో ఈ ఇంటికి పనిలేదని చెప్పు.”

“ఇక నువ్వు వెళ్ళొచ్చునంట నాయనా,” అని మాత్రం చెప్పింది దానమ్మ.

“పూర్తిగా చెప్పు,” అన్నారు మాస్టారు. “కువైట్‌లో ఆస్పత్రి గచ్చు కడిగే ఉద్యోగం. మొత్తానికి ఆస్పత్రిలో అడుగు పెడుతున్నాడు. దేవుడు నా మొర సగం విన్నాడని చెప్పు.”

ఈ మాట దానమ్మ అందించలేదు. అందించవలసిన అవసరమూ లేదు. పనసాకు బుట్టలో ఉడికిన పొట్టిక్క ఇడ్లీ తీసుకుంటున్న ప్రభాకరరావు తలెత్తకుండానే “ఆయ్” అన్నాడు, తల్లికి జవాబు చెప్పినట్టుగా.

సువర్ణకు అన్న మీద జాలి కలిగింది. వేసవంతా తన ఎదురుగా చాప మీద కూర్చుని, విసుక్కోకుండా చదువు చెప్పిన మనిషి. సోమవారం నుంచి ఆ చాప ఖాళీగా ఉంటుంది. క్యారియరు అందుకుని, తండ్రి ముఖం చూడకుండా మెట్లు దిగింది.

ఆ ఇంట్లో డాక్టరన్న మాట మామూలు మాట కాదు. మాస్టారి తండ్రి కొబ్బరి చెట్లెక్కి దింపు తీసేవాడు. చెట్టు మీంచి పడి నడుం విరిగితే మంచం మీద పట్నం మోసుకువెళ్ళారు. డాక్టరు అరుగు దిగలేదు. పైనుంచే చూసి, ఒంటి మీద చెయ్యి వెయ్యకుండానే, ఏదో మందు పేరు చెప్పి లోపలికి పోయాడు. మంచం తిరిగి పేటలోకి వచ్చేసరికి మనిషి లేడు. ఆ మంచం కోడు పట్టుకుని నడిచిన పిల్లవాడు చదువుకుని, మిషన్ స్కూలుకు హెడ్మాస్టరై, ఒక ఆదివారం గుడిలో లేచి నిలబడి, తన బిడ్డల్లో ఒకరిని డాక్టరును చేస్తానని, ఆ చెయ్యి ఎవరి నాడినైనా పట్టుకుంటుందని మాట ఇచ్చాడు. సంఘమంతా ఆమేన్ అంది.

ఆ ఆమేన్ ప్రభాకరరావు మెడకు చుట్టుకుంది.

అతనికి చదువు రాక కాదు. ఇంట్లో ఎప్పుడు ఏది అడిగినా తడుముకోకుండా చెప్పేవాడు. పరీక్ష హాలు గేటు దగ్గర తండ్రి గొడుగు వేసుకుని నిలబడి ఉన్నాడన్న సంగతి గుర్తొస్తే మాత్రం చేతులకు చెమటపట్టి కలం జారిపోయేది. మెడికల్ ఎంట్రన్సు మళ్ళీ మళ్ళీ రాశాడు. ఈ వేసవి మొదట్లో చివరిసారి ఫలితం వచ్చిన రోజున మాస్టారు అతని పుస్తకాలన్నీ వేన్నీళ్ళ పొయ్యిలో పెట్టించారు. జువాలజీ ల్యాబు కోసం కుట్టించిన తెల్లకోటు మాత్రం కాల్చనివ్వలేదు. దాన్ని సువర్ణ కొలతకు తగ్గించమని దర్జీ దగ్గరికి పంపారు. తీసుకువెళ్ళవలసింది ప్రభాకరరావే అన్నారు. దానమ్మ బతిమాలింది. అయినా అతనే తీసుకువెళ్ళాడు, అతనే తెచ్చాడు.

సువర్ణ అప్పటికి ఇంటర్మీడియట్ పూర్తిచేసి రెండేళ్ళుగా ఇంట్లో ఉంది. చదివింది చరిత్ర, ఎకనామిక్స్, సివిక్స్. ఆడపిల్లకు టీచరు ఉద్యోగం చాలునని తండ్రే ఆ గ్రూపులో చేర్చారు. ఇప్పుడు ఆయనే ప్రిన్సిపాలు గుమ్మం చుట్టూ తిరిగి, బై.పి.సి. మొదటి ఏడాదిలో మళ్ళీ చేర్పించారు. సైన్సంటే ఆమెకు ఏమీ తెలియదు. వాళ్ళ మిషన్ స్కూలుకు సైన్సు మాస్టారు ఎన్నడూ రాలేదు. తెలుగు పంతులుగారే పాఠం పైకి చదివించి ముగించేవారు. హెడ్మాస్టరైన తండ్రికి కూడా సైన్సు రాదు. కొత్త పుస్తకాలు ఇంకా కొట్లకు రాలేదు. ఉన్నవి బూడిదయ్యాయి. అందుకే వేసవంతా అన్న నోటితో చెప్పాడు, ఆమె కళ్ళు మూసుకుని వల్లె వేసింది. దానమ్మ పక్కన కూర్చుని బియ్యంలో రాళ్ళేరుకుంటూ వినేది.

*

కాలేజీ తెరిచిన మొదటి రోజున సువర్ణ క్లాసులోకి అడుగు పెట్టగానే పిల్లలంతా లేచి నిలబడి గుడ్ మార్నింగ్ చెప్పారు. లెక్చరరు అనుకున్నారు. ఆమె వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాక తెలిసి పడిపడి నవ్వారు. అప్పటి నుంచి ఆమె ఏం చేసినా ఆ నవ్వు వెంట వస్తూనే ఉంది. ఆమెకు అది అలవాటైపోయింది.

ఆ శుక్రవారం జువాలజీ క్లాసుకు వెంకటరాజు గారు వచ్చారు. నవ్వడం తెలియని మనిషని ఆయనకు పేరు. పాఠం మొదలుపెట్టే ముందు ఎవరికేం వచ్చునో చూస్తానని ప్రశ్నలు అడిగారు. పదో తరగతి పాసై వచ్చిన పిల్లలు తలలు వంచుకున్నారు. సువర్ణ లేచింది. లేవకుండా ఉండలేకపోయింది. వేసవంతా దీని కోసమే కదా కూర్చుంది.

“ఆర్టరీలు ఏం చేస్తాయమ్మా?”

“ఒంట్లోంచి రక్తాన్ని గుండెకి తెస్తాయండి.”

వెనక బెంచీలు నవ్వాయి. తన వయసు చూసి నవ్వారనుకుంది సువర్ణ.

“వెయిన్లు?”

“గుండె నుంచి ఒంట్లోకి తీసుకెళతాయండి.”

ఆయన ఆపలేదు. కప్ప గుండె గురించి అడిగారు. ఆరికిల్ ఒకటి, వెంట్రికిల్స్ రెండు అని చెప్పింది. మొక్కల గురించి అడిగారు. వేరు నుంచి నీళ్ళు పైకి తెచ్చేది ఫ్లోయమని, ఆకుల్లోంచి ఆహారం కిందికి దింపేది జైలమని చెప్పింది. ఒక్కచోట కూడా తడబడలేదు. మొదట అందరూ నవ్వారు. లెక్చరరు ముఖం చూసి కాసేపటికి నవ్వు ఆపేశారు. ఆయన ఆమెను వింతగా చూస్తున్నారు.

క్లాసు అయ్యాక ల్యాబులోకి రమ్మన్నారు. రెండో ఏడాది వాళ్ళ కోసం మైనపు పళ్ళెంలో కప్పను కోసి, కాళ్ళకు గుండుసూదులు గుచ్చి ఉంచారు. దాని గుండె ఇంకా కొట్టుకుంటోంది.

“నువ్వు చెప్పింది ఇందులో చూపించు,” అన్నారు ఆయన.

సువర్ణ వంగి చూసింది. పైన పల్చటి తిత్తులు రెండు ఉన్నాయి. కింద దళసరిగా ఒకటే ఉంది. మళ్ళీ చూసింది. ఎన్నిసార్లు చూసినా పైన రెండే, కింద ఒకటే. ఆమె చెయ్యి పళ్ళెం అంచు మీద ఉండిపోయింది.

“ఏమీ రానివాడికి గుడ్డిగా అయినా ఒకటో రెండో కరెక్టుగా తగులుతాయి,” అన్నారు వెంకటరాజు గారు. “నీకు ఒక్కటీ తగల్లేదు. అడిగిన ప్రతిదీ సరిగ్గా తిరగేసి చెప్పేవు. ఇంత పద్ధతిగా తప్పు నేర్పాలంటే, నేర్పినవాడికి అంతా క్షుణ్ణంగా వచ్చి ఉండాలి. ఎవరు చెప్పేరమ్మా నీకు?”

“నేనే చదువుకున్నానండి,” అంది సువర్ణ.

ఆయన నమ్మలేదని తెలుస్తూనే ఉంది. ఇంకేమీ అడగలేదు. నెలాఖరు పరీక్షలో కూడా ఇలాగే ఉంటే ప్రిన్సిపాలుతో చెప్పి వెనక్కి ఆర్ట్సులోకి పంపించేస్తానని, సైన్సు సీటు కోసం ఎంతమంది పిల్లలు బయట నిలబడి ఉన్నారో తెలుసుకోమని అన్నారు. వాళ్ళ నాన్నగారి పట్టుదల ఊరందరికీ తెలుసునని, పట్టుదల చూసి ఎవరూ మార్కులు వెయ్యరని కూడా అన్నారు. తర్వాత చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయారు.

సువర్ణ క్యారియరు విప్పలేదు. మధ్యాహ్నం క్లాసులకు ఉండలేదు. కాలవ గట్టు వెంట ఇంటికి నడిచింది. కాలవలో వరద నీళ్ళు ఎర్రగా పోతున్నాయి. వేసవిలో ఒక రోజు గుర్తొచ్చింది. ఆర్టరీ సంగతి స్కూల్లో ఇంకోలా చదివినట్టుందే అని తను అనుమానంగా అంటే అన్న చిన్నగా నవ్వి, అన్నీ తెలిసినదానివి నా దగ్గరికెందుకు, అన్నాడు. ఆమె సిగ్గుపడి క్షమించమంది. మళ్ళీ ఎప్పుడూ అనుమానం వ్యక్తం చెయ్యలేదు.

*

ప్రభాకరరావు పక్కగదిలో ట్రంకుపెట్టె సర్దుకుంటున్నాడు. మాస్టారు ఇంట్లో లేరు. సువర్ణ గుమ్మంలో నిలబడింది.

“ఆర్టరీ గుండె లోపలికా అన్నయ్యా, బయటికా?”

అతను చొక్కా మడత పెట్టడం పూర్తిచేశాడు. “బయటికి,” అన్నాడు.

“కప్ప గుండెలో ఆరికిల్స్?”

“రెండు.”

“నీళ్ళు మోసేది?”

“జైలం.”

ఏదీ ఆలోచించి చెప్పలేదు. వేసవిలో ఆ అబద్ధాలు చెప్పినంత మెత్తగానే ఇప్పుడు నిజాలు చెప్పాడు. తర్వాత మంచం మీద కూర్చుని అడిగాడు.

“నవ్వేరా?”

“నవ్వేరు.”

అతను తల ఊపాడు. అతని ముఖంలో సంతోషం ఉంటుందేమోనని సువర్ణ వెతికింది. లేదు. అలసట మాత్రం ఉంది, పొద్దుటి నుంచి బరువులు మోసినవాడిలా.

మొదటి రోజు సరిగ్గానే చెప్పానన్నాడు. నిజంగా నేర్పుదామనే కూర్చున్నాడట. ఒక్కసారి చెబితే ఆమె కళ్ళు మూసుకుని మొత్తం అప్పజెప్పేసింది. అదే పాఠం పట్టడానికి అతనికి నెల పట్టింది. పడక కుర్చీలో ఉన్న మాస్టారు విన్నారు.

“నాన్నగారు నావైపు చూడలేదు. అమ్మతో అన్నారు, బుర్రంటే ఇదీ, నేను ఇన్నేళ్ళూ ఎద్దుని దువ్వేనూ అని. మర్నాడు నీ ముందు కూచున్నాక నోటికి తిన్నగా రాలేదు. తిరగేసి చెప్పేను. నువ్వు అదీ పట్టేసేవు. ఎంత తప్పు చెబితే అంత చక్కగా పట్టేసేవు.”

“నేను నీకేం చేసేను?”

“ఏం చెయ్యలేదు,” అన్నాడు ప్రభాకరరావు.

సువర్ణ నాన్నగారికి చెబుతానంది. అతను చెప్పమన్నాడు. చెబితే కొడతారని, పాస్‌పోర్టు ముఖాన కొట్టి తరిమేస్తారని, సోమవారం పోవలసినవాణ్ణి ఇవాళే పోతానని, అంతకంటే తనకు పోయేది ఏమీ లేదని అన్నాడు. అతని గొంతులో బెదురు లేదు. అలా తరిమితే బాగుండునన్నట్టే ఉంది.

“ముందు అమ్మనడుగు,” అన్నాడు మళ్ళీ పెట్టె వైపు తిరిగి. “నేను ఇన్నేళ్ళు వల్లె వేస్తుంటే పొయ్యి దగ్గర కూచుని విన్నది అమ్మే. నీ పాఠం తలకిందులుగా ఉందని ఆవిడకి నేను తిరగేసి చెప్పిన రోజే తెలుసు.”

దానమ్మ పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని అరటి దూట తరుగుతోంది. ప్రతి చక్రానికీ వచ్చే నారను వేలికి చుట్టి తీసేస్తోంది. సువర్ణ వచ్చి ఎదురుగా చతికిలబడింది. ఏమీ అడగలేదు. వేసవిలో చదివిన రాగంలోనే మెల్లగా మొదలుపెట్టింది. ఆర్టరీలు ఒంట్లోంచి రక్తాన్ని గుండెకి తెస్తాయి, వెయిన్లు గుండె నుంచి…

దానమ్మ వేలి మీద నార ఆగిపోయింది.

“తప్పని తెలుసా అమ్మా?”

పెరట్లో కోళ్ళు దూట ముక్కల కోసం వచ్చి తిరుగుతున్నాయి. దానమ్మ వాటిని అదిలించలేదు.

“వాడు చదివినప్పుడు వేరేగా ఉండేది,” అంది చివరికి.

“తెలిసీ చెప్పలేదా?”

“నువ్వు ఆడపిల్లవి. నీకు చదువు అబ్బకపోతే ఎవరూ ఏమీ అనరు. పెళ్ళి చేసుకుని నీ ఇంటికి పోతావు. నువ్వు డాక్టరువైతే వాడేమవుతాడు? ఆయన వాణ్ణి మనిషిలా చూడరు. ఇప్పుడే చూడట్లేదు. నేను బతికుండగా వాడు నీ చేతి కింద, నీ ఇంటి అరుగు మీద కూచోవడం నేను చూడలేను.”

“నన్నిలా చూడగలవా?”

దానమ్మ కూతురి ముఖంలోకి చూసింది. కోపంగా కాదు, ప్రేమగానూ కాదు. చేతిలో ఉన్న దూటను చూసినట్టే చూసింది.

“నువ్వు తట్టుకుంటావు,” అంది. “వాడు తట్టుకోలేడు.”

సోమవారం దాకా నోరు మూసుకోమని, వాడు రైలెక్కాక తండ్రికి ఏం చెప్పుకున్నా తనకు అభ్యంతరం లేదని కూడా అంది. తర్వాత మళ్ళీ నార తీయడం మొదలుపెట్టింది.

*

శనివారం సువర్ణ కాలేజీకి వెళ్ళింది. వెంకటరాజు గారు అడిగిన ఏ ప్రశ్నకూ లేవలేదు. ఆయన చెప్పే ఇంగ్లీషు పాఠం చెవిలో పడుతోందే కాని తలకెక్కడం లేదు. ప్రతి మాట దగ్గరా వేసవిలో నేర్చుకున్నది అడ్డం వచ్చి నిలబడుతోంది. లేని చదువు నేర్చుకోవడం ఒక ఎత్తు, ఉన్నదాన్ని ముందు పీకేసి నేర్చుకోవడం ఇంకో ఎత్తు అని ఆమెకు ఆ రోజు అర్థమైంది. ఏది పీకాలో తెలిసినవాడు ఒక్కడే. తప్పులన్నీ నాటినవాడు. వాడు సోమవారం పోతున్నాడు.

ఇంటికి వచ్చాక తండ్రికి ఏమీ చెప్పలేదు. అన్న పెట్టెకు తాడు కట్టుకుంటుంటే చూస్తూ కూర్చుంది. చెప్పలేదని తల్లి ఊరట పడింది. రెండోసారి అన్నం వడ్డిస్తూ తల మీద చెయ్యి వేసింది కూడా. సువర్ణ తల పక్కకు తీసుకుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక యాకోబు అయ్యగారు వచ్చారు. మాస్టారికి చిన్ననాటి స్నేహితుడు, మాటకు ముందు నవ్వే మనిషి. వసారాలో అరిటాకులు వేశారు. మాస్టారు, అయ్యగారు, ప్రభాకరరావు కూర్చున్నారు. దానమ్మ వడ్డిస్తోంది. సువర్ణ మంచినీళ్ళు పోస్తోంది.

ప్రయాణం మాటలు కాసేపే నడిచాయి. కొడుకు చెయ్యబోయే పని గురించి మాస్టారు మాట్లాడదలుచుకోలేదు. కూతురిని పిలిచారు.

“అయ్యగారికి ఒక పాఠం వినిపించమ్మా. గుండెది.”

సువర్ణ చెంబు కింద పెట్టింది. దానమ్మ చేతిలో గరిటె ఆగింది. ప్రభాకరరావు విస్తరి వైపే చూస్తున్నాడు. ఇప్పుడు బయటపడుతుందని తల్లీ కొడుకూ అనుకున్నారు. అతని భుజాలు దెబ్బ కోసం సిద్ధపడినట్టు బిగిశాయి.

సువర్ణ చేతులు కట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆర్టరీలు రక్తాన్ని గుండెకి తెస్తాయని మొదలుపెట్టింది. అన్న నేర్పింది నేర్పినట్టుగా, ఒక్క అక్షరం మార్చకుండా, ఒక్క తప్పు దిద్దకుండా, చివరి దాకా అప్పజెప్పింది. ఇంగ్లీషు పేర్లు గంటలు మోగినట్టు పలికాయి.

అయ్యగారు అన్నం కలపడం మర్చిపోయి విన్నారు. చివర్న స్తోత్రమన్నారు. సైన్సు చదవని పిల్లకు ఒక్క వేసవిలో ఇంత నేర్పిన గురువెవరని అడిగారు.

మాస్టారు కొడుకు వైపు తిరిగారు. వారం రోజుల్లో నేరుగా చూడడం అదే మొదటిసారి.

“వీడే. బాగా చెప్పేవురా ప్రభాకరం,” అన్నారు.

ప్రభాకరరావు చేతిలో ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది. ఆ మాట కోసం అతను అక్షరాలు దిద్దిన రోజుల నుంచి ఎదురుచూశాడు. ఎన్ని ఫస్టు మార్కులు తెచ్చినా రాలేదు. ఇప్పుడు వచ్చింది, దీనికి వచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముద్ద విస్తరిలో పెట్టేశాడు.

సువర్ణ అది చూసింది. చూసి కూడా ఆగలేదు.

“నాన్నగారండీ, ఒక్క మాట. కాలేజీలో చెప్పేది నాకు అందట్లేదండి. అన్నయ్య చెబితేనే వస్తోంది. నాకు మెడికల్ సీటొచ్చేదాకా అన్నయ్యని పంపకండి.”

దానమ్మ “అదేంటే” అని మాత్రం అనగలిగింది. ఎవరూ వినిపించుకోలేదు. అయ్యగారు దేవుని చిత్తం ఎంత తేటగా ఉందో చూడమన్నారు. కువైట్ ఎక్కడికీ పోదని, చెల్లెల్ని డాక్టరును చేసిన అన్న అనిపించుకోవడం చిన్న సంగతి కాదని అన్నారు. మాస్టారు మొలలో ఉన్న తాళంచెవిని ఒకసారి తడిమి చూసుకున్నారు.

“అయితే బీరువా తెరవక్కర్లేదు,” అన్నారు.

ప్రయాణం కోసం అనుకున్న ప్రార్థన చదువు కోసం మారింది. అయ్యగారు నిలబడి అన్న ఓర్పు కోసం, చెల్లెలి జ్ఞానం కోసం, ఇంటి ఐక్యత కోసం చాలాసేపు ప్రార్థించారు. అందరూ ఆమేన్ అన్నారు. ప్రభాకరరావు పెదవులు కదిలాయి కాని మాట రాలేదు.

“వినపడలేదు,” అన్నారు మాస్టారు.

“ఆమేన్,” అన్నాడు అతను.

*

మాస్టారు అయ్యగారిని వీధి మలుపు దాకా సాగనంపడానికి వెళ్ళారు. వసారాలో ముగ్గురూ మిగిలారు. విస్తర్లు ఇంకా ఎత్తలేదు.

“తరిమేస్తారనుకున్నాను,” అన్నాడు ప్రభాకరరావు. “కట్టేయించేవు.”

“నువ్వు నేర్పాల్సింది నేర్పలేదు. ఇప్పుడు నేర్పు.”

“ఆయనకి నిజం చెప్పేస్తాను. ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తాను.”

“చెప్పు,” అంది సువర్ణ. “ఇందాక ఆయన నీతో అన్నమాట వెనక్కి తీసుకుంటారు. నీకిష్టమైతే చెప్పు.”

అతను లేవలేదు. లేవలేడని ఆమెకు తెలుసు. ఆ మాట అతన్ని తాళం కంటే గట్టిగా పట్టుకుంది. కాసేపు గోడకు చేరగిలబడి ఉన్నాడు. తర్వాత అతని పెదవి ఒక పక్కకు వంగింది.

“సరే చెబుతాను. కాని నేను చెప్పేది నిజమో కాదో నీకెలా తెలుస్తుంది సువర్ణా? పుస్తకాలు ఎప్పుడొస్తాయో తెలీదు. పరీక్ష నెలాఖరుకే.”

సువర్ణ తల్లి వైపు తిరిగింది. దానమ్మ విస్తర్లు ఎత్తడానికి వంగి ఉంది.

“అమ్మ పక్కనే కూచుంటుంది,” అంది. “నువ్వు తప్పు చెప్పిన చోట అమ్మ ఆపుతుంది.”

దానమ్మ వంగిన మనిషి అలాగే ఉండిపోయింది. కొడుకును చూసింది, కూతురిని చూసింది. నాకేం తెలుసునే, చదువు రానిదాన్ని, అంది. ఆ మాట ఎవరూ నమ్మలేదు. ఆమె కూడా నమ్మినట్టు లేదు.

గేటు చప్పుడైంది. మాస్టారు చాలా రోజుల తర్వాత తేలికగా నడిచి వచ్చారు. పడక కుర్చీలో కూర్చుంటూ, రేపటి దాకా ఎందుకు, ఆదివారమైనా ఇదీ దేవుడి పనే, ఇప్పుడే మొదలుపెట్టమన్నారు. తను కూడా వింటానన్నారు. భార్యను కూడా కూర్చోమన్నారు. పిల్లలు చదువుకుంటుంటే తల్లి పక్కనుండడం ముచ్చటగా ఉంటుందన్నారు.

సువర్ణ చాప పరిచింది. ప్రభాకరరావు వచ్చి కూర్చున్నాడు. దానమ్మ చేటలో బియ్యం పోసుకుని గుమ్మం దగ్గర కూలబడింది.

“నాకు తెలియని పాఠం చెప్పు,” అంది సువర్ణ.

ప్రభాకరరావు గొంతు సవరించుకున్నాడు. వేసవంతా పలికిన మెత్తని గొంతుతోనే మొదలుపెట్టాడు.

“మెదడు. ఆలోచన చూసుకునేది సెరిబెల్లమ్. నడకలో తూలకుండా చూసేది సెరిబ్రమ్.”

అది నిజమో అబద్ధమో సువర్ణకు తెలియదు. ఆమె తల్లి ముఖంలోకి చూసింది.

దానమ్మ కళ్ళెత్తలేదు. చేటలో వేళ్ళు మాత్రం, పెరట్లో నార దగ్గర ఆగినట్టే, ఆగిపోయాయి.

“ఆగేరేం? కానివ్వండి,” అన్నారు మాస్టారు.

ప్రభాకరరావు తర్వాతి వాక్యం మొదలుపెట్టాడు. దానమ్మ తల ఇంకా కిందికి వంచి, బియ్యంలో రాయి వెతుక్కుంది.